చప్పట్ల బడి

పున్నమ్మ అప్పకు,

మా తనూజను తీసుకుపోవడానికి ఇప్పుడే బయలుదేరవద్దు. నాలుగేళ్లు నిండినా మాటలు రాలేదు కదా, ఊళ్లో నీ దగ్గరే పెరగనీ అన్నావు. నేనూ సరే అన్నాను. ఇప్పుడు కాస్త ఆగమంటున్నాను.

ఇక్కడ మా రేవు పక్కన వాట్‌గంజ్ పేటలో ఒక బెంగాలీ దిదిమణి, అంటే పంతులమ్మ, మాటలు రాని పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తోంది. చేతికి తాళం కుదిరితే నోటికి మాట తేలికవుతుందట. డబ్బు తీసుకోదు. పిల్లలను ఫోనులో వీడియో తీస్తుంది. ఊరికే ఎవరు చేస్తారని నాకు అనుమానం వచ్చింది. పంపొద్దన్నాను.

"నీ అనుమానం తగలెయ్య! నువ్వే ఎల్లి సూడు" అంది నీ మరదలు.

నిన్న డాక్‌లో ఓడల పని మానుకుని వెళ్లి, తలుపు దగ్గర కూర్చున్నాను.

"దాదా, కాపలా తర్వాత. ముందు చప్పట్లు కొట్టండి" అని ఆవిడ బెంగాలీలో చెప్పి నన్నూ పిల్లల మధ్య కూర్చోబెట్టింది. నా కళ్లు ఆ ఫోను మీదే ఉన్నాయి. అందరూ ఆపేశాక కూడా నా చప్పట్లే మోగుతున్నాయి. తనూజ నా చేతులు పట్టుకుని ఆపింది.

"నాన్నకి రాదు" అంది.

అది రెండు మాటలు కలిపి అనడం ఇదే మొదలు. ఆవిడే నేర్పిందేమో అనుకున్నాను, కానీ ఆవిడకు తెలుగు ముక్క రాదు. "ఏటన్నావు? మళ్లీ అను" అన్నాను. అనలేదు.

ఆవిడను ఇంకా నమ్మలేదు. అయినా పిల్లను మాన్పించను.

ఈ సంగతి ఫోనులో చెప్పకుండా రాస్తున్నది బావ వల్లే. వింటే వెంటనే మాట్లాడించమంటాడు. అది నోరు విప్పకపోతే, నేనే కల్పించానంటాడు.

నీ తమ్ముడు