కాంట్ బీ అనాలి, కార్మెన్

ఫింటాస్,
ఆగస్టు 14, 1990

నా ప్రియమైన మీకు సలాం.

నేను క్షేమం. ఇంగ్లీషు పాఠం చెప్పడానికి వచ్చి, ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగడంతో కార్మెన్ ఫ్లాట్‌లోనే చిక్కుబడ్డాను. తెల్లవాళ్ళ కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. ఆమె భర్త, మీ ప్లాంటు ఇంజనీరు పాబ్లో, డ్యూటీకి పోయినవాడు తిరిగి రాలేదు. కడుపుతో ఉన్న మనిషిని, ఆ స్పెయిన్ పిల్లను, ఒంటరిగా వదిలి ఎలా రాను?

ఏడుపు ఆపడానికి పాఠమే పెట్టాను. ఊహించి చెప్పేటప్పుడు గట్టి నమ్మకమైతే మస్ట్, ఏమో అనుకుంటే మైట్, కానే కాదంటే కాంట్. మస్ట్ ఇట్టే పట్టేసింది. వాళ్ళ స్పానిష్‌లో ‘దెబె’ మన ‘ఉండాలి’ లాంటిదేనట, ఆజ్ఞకూ ఊహకూ ఒకటే మాట. కాదనేటప్పుడే తప్పు చేసింది. "హీ మస్టంట్ బీ డెడ్" అంది.

"అది చావకూడదని హుకుం వేసినట్టు. చచ్చిపోయి ఉండడని చెప్పాలంటే కాంట్ బీ అనాలి, కార్మెన్" అన్నాను.

ఈసారి పళ్ళు బిగించి "హీ కాంట్ బీ డెడ్" అంది.

మీ ఫర్హత్


ఫహాహీల్,
ఆగస్టు 17

ప్రియమైన ఫర్హత్‌కు,

రొట్టెల వ్యాను నయీమ్ నీ జాబు ఇచ్చినాడు. జోర్డాన్‌లో అమ్మాన్‌కు పోయే బస్సులో మనిద్దరికీ సీట్లు రాయించినా. తెల్లోళ్ళను దాచినోళ్ళను ఉరి తీస్తామంటాండారు. ఆ యమ్మ సంగతి ఆ యమ్మ దేశం చూసుకుంటుంది. నయీమ్ వ్యానులో వచ్చెయ్. ఎదురు చెప్పాకు.

నీ ఖాజా హుస్సేన్


ఫింటాస్,
ఆగస్టు 19

ప్రియమైన మీకు,

రాను. నిన్న సైనికుడొకడు తలుపు తోసుకుని వచ్చాడు. కార్మెన్‌కు బురఖా వేసి, గోడవైపు తిప్పి పడుకోబెట్టాను. "మా వదిన, నొప్పులు పడుతోంది. సిగ్గు లేదా నీకు?" అని అరబ్బీలో అరిచాను. తల దించుకుని పోయాడు.

ఇంకో మాట. ఇన్నేళ్ళు మీతో పనిచేసిన మనిషి కనబడడం లేదని రాస్తే, ఏమయ్యాడని మీరు ఒక్క ముక్క అడగలేదు. అంటే మీకు తెలిసే ఉండాలి. ఇంత పిరికిగా మీరెప్పుడూ మాట్లాడలేదు కూడా. ఏం దాస్తున్నారో చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను.

మీ మాట వినని ఫర్హత్


ఫహాహీల్,
ఆగస్టు 21

నా ఫర్హత్,

పాబ్లో సారు మొదటి రోజు నుంచీ మన ఇంట్లోనే ఉండాడు. నీకు తెలిస్తే బస్సెక్కవని చెప్పలేదు. నిన్ను ఎక్కించి, వాళ్ళిద్దరినీ చూసుకునేకి నేను దిగిపోవల్లనుకుంటి. పెండ్లాం నీ దగ్గర క్షేమంగా ఉండాదని చెప్తే, ఆయప్ప నా చేతులు పట్టుకోని ఏడ్చినాడు.

సీట్లు వేరేవాళ్ళకు ఇచ్చేసినా. శుక్రవారం జనం నమాజుకు కదిలేటప్పుడు ఆ యమ్మను పిలుచుకోని రా. పక్కింటి గౌసియా బీ పురుడు పోస్తాననింది. నేను జంకితే, "ఉరి తీస్తే నన్ను కూడా తీయమను. బిడ్డ ఆగుతుందా?" అనింది.

వెనక గది వాళ్ళకు ఖాళీ చేసినా. మనం వంటింట్లో పండుకుందాం.

నీ ఖాజా హుస్సేన్