రాసి పంపిన చప్పుళ్ళు

శనివారం

ప్రియమైన మావయ్యకి,

చేరాను. ముందు ఆ ఒక్క మాట రాసేసి తరవాత ఊపిరి పీల్చుకుంటున్నాను. నాలుగున్నర గంటల దారి, రెండు కొండ ఎక్కుళ్ళు, మధ్యలో ఒక వాన. మన ముసలి బండి తాత ఎక్కడా ఆగలేదు, అలగలేదు. ఇంటికొచ్చి ఇంజిను ఆపేసరికి నా వేళ్ళు స్టీరింగుకి అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే ఊడదీసుకున్నాను.

ఇరవై ఆరేళ్ళ పికప్‌కి ఇంజినూ గేరుబాక్సూ రెండూ విప్పి నీ చేత మళ్ళీ కట్టించడం పిచ్చిపనని ఇక్కడ అనని వాళ్ళు లేరు. అందులో మీ అల్లుడు మొదటివారు. ఇవాళ తాత గేట్లోకి రాగానే ఆయన వెళ్ళి ముందు టైరుని రెండుసార్లు తట్టి వచ్చారు. ఆయన వరకూ అది పెద్ద సన్మానం. రేపటినుంచి ఆసుపత్రి దుప్పట్లు మళ్ళీ మా లాండ్రీకి మన బండిలోనే వస్తాయి. నెలన్నరగా అద్దె ఆటోల వెంట పరిగెత్తి నా కాళ్ళు అరిగిపోయాయి.

ఒక సందేహం. (నవ్వకు.) రెండో గేరు గట్టిగా పడుతోంది. బతిమాలితే గాని లోపలికి వెళ్ళడం లేదు. ఇది మామూలేనా, లేక దారిలో నేనే ఏదైనా పాడుచేశానా?

ఇంకోటి. నేను బయల్దేరుతుంటే నువ్వు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డావు. ఎందుకని అడగబోయి, నీకు వినపడదని గుర్తొచ్చి ఊరుకున్నాను. దారంతా అదే ఆలోచన.

నువ్వు పెట్టిన పేరుతోనే,
డౌటమ్మ


మంగళవారం

డౌటమ్మా,

నీ ఉత్తరం మీ అత్తయ్య ఒకసారి, నేను మూడుసార్లు చదివాం. ఫోన్లో అయితే నువ్వు ఎంత అరిచినా నాకు గొణుగుడే. ఉత్తరమే నయం, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు మాట్లాడుతుంది.

రెండో గేరు గురించి కంగారుపడకు. లోపల పళ్ళన్నీ కొత్తవి. ఒకటికొకటి ఇంకా మొహమాటపడుతున్నాయి. అయిదారొందల కిలోమీటర్లు తిరిగితే కలిసిపోతాయి. నువ్వేమీ పాడుచెయ్యలేదు. ఈ మాట రెండోసారి కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఒకసారి రాస్తే నువ్వు నమ్మవు: నువ్వేమీ పాడుచెయ్యలేదు.

చెయ్యి ఎందుకు ఆనించానంటావా? చెవులు పోయాక నాకు మిగిలిన దారి అదే. పని చేసేటప్పుడయితే స్క్రూడ్రైవర్ మొన ఇంజినుకి ఆనించి, పిడిని పళ్ళతో పట్టుకుంటాను. దవడ ఎముకలోంచి చప్పుడు తలలోకి ఎక్కుతుంది. "బండిని కొరుక్కు తింటున్నారా?" అని మీ అత్తయ్య పలక మీద రాసి చూపిస్తుంది. తాతని అలా కొరికి కొరికే కట్టాను. చివర్లో చేత్తో ఒకసారి చూసుకున్నాను, అంతే.

నలభై స్పీడు దాటకు. ఆయిలు రోజూ చూడు. కడ్డీ మీది గీత కిందికి దిగనివ్వకు. కొత్తగా కట్టిన ఇంజిను మొదట్లో కాస్త తాగుతుంది. ఏదైనా చప్పుడొస్తే "ఏదో చప్పుడు" అని రాయకు. ఎలాంటి చప్పుడో అక్షరాల్లో పెట్టు. తత్వశాస్త్రం ఎమ్మే చదివావు, ఆమాత్రం చాతకాదా?

మీ అత్తయ్య ముద్దులు, నా చేతి గ్రీజు మరకతో సహా,
మావయ్య


గురువారం, పదహారు రోజుల తరవాత

ప్రియమైన మావయ్యకి,

రెండో గేరు నువ్వు చెప్పినట్టే దారికొచ్చింది. ఈ మాటతో ఉత్తరం ముగించేస్తే ఎంత బాగుండేది!

నాలుగు రోజులుగా తాత మాట్లాడుతున్నాడు. ఆ చప్పుడు ఎలా రాయాలా అని రెండు కాగితాలు చించేశాను. టిక్కుటిక్కు కాదు, టకటకా కాదు. పెద్ద గుండీలున్న చొక్కా మెషీన్ డ్రమ్ములో తిరుగుతుంటే వస్తుంది చూడు, తడిగా, గుండ్రంగా, ఆగకుండా? అదే. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఎక్కువ. అప్పుడే ఆయిలు ప్రెషరు ముల్లు కూడా వణుకుతోంది. సైలెన్సర్ లోంచి నీలం పొగ వస్తోంది, తెల్ల దుప్పట్లకి వాడే నీలిమందు బకెట్టుడు నీళ్ళలో చుక్క వేసినంత రంగు. ఇంజినూ గేరుబాక్సూ కలిసేచోట కింద తడి. ఇవాళ ఆసుపత్రి వెనక గేటు దగ్గర నిలబెడితే నేల మీద మూడు చుక్కలు పడ్డాయి. వార్డుల ఆయమ్మ చూసి, "మీ బండికీ ఒక మంచం వెయ్యమంటారా?" అంది. నవ్వాను గాని నవ్వు రాలేదు.

ఆయిలు గీత మీదే ఉంది. ఒక్కరోజు కూడా చూడ్డం మానలేదు. నలభై దాటలేదు. ఏం తప్పు చేశానో తెలియడం లేదు మావయ్యా.

నీ జవాబు కోసం పోస్టు పెట్టె దగ్గరే ఉండే,
డౌటమ్మ


ఆదివారం

డౌటమ్మా,

నువ్వు రాసిన గుండీల చప్పుడు నాకు వినపడింది. నిజంగానే. చాలా రోజులయింది నాకేదైనా అంత బాగా వినపడి.

మూడు పనులు చెయ్యి. ఒకటి, తెల్లారి చల్లటి ఇంజిను మీదా, తిరిగొచ్చాక వేడి ఇంజిను మీదా చప్పుడు ఒకేలా ఉందో లేదో చూడు. రెండు, పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని మొన ఇంజినుకి, పిడి నీ చెవి వెనక ఎముకకి ఆనించి, ముందునుంచి వెనక్కి జానెడు జానెడు జరుపుతూ విను. ఒక్కచోటే వస్తోందా, అంతటా ఉందా? ఫ్యాను దగ్గర చీర కొంగు జాగ్రత్త. మూడు, రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున్నే చుక్కలు లెక్కపెట్టు.

దాచకుండా చెప్తున్నాను. నాకు ఆ తడి గురించే భయంగా ఉంది. అక్కడ ఆయిలు కారకుండా ఒక రబ్బరు సీలుంటుంది. సరిగ్గా కూర్చున్నప్పుడు చిన్నగా "టప్" అంటుంది. నలభై ఏళ్ళు ఆ టప్ విన్నాకే చెయ్యి తీసేవాణ్ణి. ఈసారి వినలేదు, వేలితో చుట్టూ తడిమి కూర్చుందనుకున్నాను. కూర్చుందో లేదో ఇప్పుడు ఎవరు చెప్తారు?

ఇంకో పని కూడా ఉంది. బండి ఏం చేస్తోందో రాశావు. నువ్వు బండితో ఏం చేస్తావో రాయలేదు. పొద్దున తాళం తిప్పిన దగ్గర్నుంచి సాయంత్రం తాళం తీసేదాకా నీ చెయ్యి చేసే ప్రతి పనీ రాయి. ఇదేం రాయాల్లే అనిపించింది ముందు రాయి.

మావయ్య

(నేను అత్తయ్యనమ్మా. కవరు అంటించే పని నాది కాబట్టి ఈ నాలుగు ముక్కలు ఆయనకి తెలీకుండా రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి ఆయన షెడ్డు తలుపు తియ్యలేదు. తాత ఇంజిను మళ్ళీ విప్పాల్సి వస్తే, తన పనిముట్లన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానంటున్నారు. "వినపడనివాడు ఇంజిను ముట్టుకోకూడదు" అని నా పలక మీద ఆయనే రాసి, తుడవకుండా వెళ్ళిపోయారు. నేనూ తుడవలేదు, కోపంతో. నీకు ఏది నిజమనిపిస్తే అది రాయి. అబద్ధం మాత్రం రాయకు, పట్టేస్తారు.)


బుధవారం

ప్రియమైన మావయ్యకి,

చల్లటి ఇంజిను మీద మొదటి రెండు నిమిషాలు చప్పుడు లేదు. తరవాత మొదలై పెరుగుతుంది. స్క్రూడ్రైవర్‌తో విన్నాను. ఒకచోట అని లేదు, అంతటా ఉంది. అట్టముక్క మీద పదకొండు చుక్కలు.

మా సందు చివర మెకానిక్‌కి చూపించాను. చక్కటి సిమెంటు నేల మీద నిలబెట్టి, బానెట్ ఎత్తి, ఒక నిమిషం విన్నాడు. "ఆయిలుందా?" అన్నాడు. "నిన్న సాయంత్రమే చూశాను, గీత మీదుంది" అన్నాను. "అయితే లోపలే మేడం. కట్టడంలో తేడా ఉంది. మళ్ళీ మొత్తం దించాల్సిందే" అన్నాడు. వచ్చే మంగళవారం పొద్దున దించుతానన్నాడు. సరేనన్నాను మావయ్యా. సరేననకుండా ఎలా ఉండాలో నాకు తోచలేదు.

ఇక నా రోజు. నువ్వు అడిగావు గనక రాస్తున్నాను. ఇందులో నీకు పనికొచ్చేది ఏమీ ఉండదు.

ఆరున్నరకి తాళం తిప్పుతాను. రెండు నిమిషాలు ఆగుతాను. ఆసుపత్రి వెనక గేటుకి వెళ్ళి ఇరవై మూటలు ఎక్కిస్తాం. తిరిగొచ్చాక పెరట్లోకి రివర్సులో దిగుతాను, మూటలు దించడానికి బండి వెనకభాగం తొట్ల వైపు ఉండాలి కదా. ఇంజిను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, దాని మీద నమ్మకం లేక వెనక చక్రాల కింద చెరో ఇటుక పెడతాను. మధ్యాహ్నం ఉతికినవి ఇచ్చి వస్తాను, మళ్ళీ అలాగే రివర్సు, మళ్ళీ ఇటుకలు. సాయంత్రం ఇంజిను చల్లారాక ఆయిలు కడ్డీ తీసి, పాత దుప్పటి గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూస్తాను. మొదట్లో గీతకి చాలా కింద ఉండేది. ఒకేసారి పోస్తే ఎక్కువైపోతుందేమోనని రోజుకొక టీ గ్లాసుడు పోస్తూ వచ్చాను. పన్నెండు రోజులకి గీతని అందుకుంది. అప్పటినుంచి తగ్గినప్పుడల్లా కాస్త కలుపుతున్నాను. నువ్వు తాగుతుందని చెప్పావు గనక కంగారుపడలేదు.

అంతే మావయ్యా. ఇటుకల గురించి కూడా రాశాను, చూడు, ఎంత పనిలేనిదాన్నో.

డౌటమ్మ


శుక్రవారం

చిట్టితల్లీ,

ఇటుకల దగ్గర ఆగిపోయాను. మీ పెరడు వాలుగా ఉంటుందా?

ఉంటుంది. ఉతికిన నీళ్ళు పోవాలి కదా. నేను మీ కొత్త లాండ్రీకి ఒక్కసారీ రాలేదు. నా షెడ్డు నేల పళ్ళెంలా సమంగా ఉంటుంది, లోకమంతా అలాగే ఉందనుకున్నాను. ఆయిలు చూడమన్నాను గాని, ఎక్కడ నిలబెట్టి చూడాలో చెప్పలేదు.

తాతకి ఆయిలు కడ్డీ ఇంజినుకి ముందువైపు ఉంది. బండి మూతి పైకెత్తి వాలు మీద నిలబడితే ఆయిలంతా వెనక్కి జారుతుంది. ముందు కడ్డీకి తక్కువగా కనపడుతుంది. నిజానికి అది తక్కువ కాదు, నువ్వు పోసిందంతా ఎక్కువే. సబ్బు ఎక్కువ వేస్తే మీ మెషీన్లో ఏమవుతుంది? నురగ. ఇంజిన్లోనూ అదే జరుగుతుంది. నురగ పట్టిన ఆయిలు ఎక్కడా సరిగ్గా అంటదు, అందుకే చప్పుడు అంతటా ఉంది. మిగిలింది కాలితే పొగ, సందుల్లోంచి తోసుకొస్తే చుక్కలు.

ఉత్తరం అందగానే చుక్క కూడా పొయ్యకు. బండిని రోడ్డు మీద సమంగా ఉన్నచోట నిలబెట్టి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కడ్డీ చూడు. ఎక్కువుంటే గీతదాకా తీయించు. రెండు రోజులు తిప్పు. ఇంజిను దించనివ్వకు.

అయినా చప్పుడు పోకపోతే దించనివ్వు. అప్పుడు తప్పు నాదే. నేనే వచ్చి పక్కన నిలబడతాను. ఆ మాట నీకు కాదు, నాకు చెప్పుకుంటున్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడానికి మీ అత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుతోంది.

మావయ్య


గురువారం

ప్రియమైన మావయ్యకి,

నీ ఉత్తరం సోమవారం మధ్యాహ్నం అందింది. మెకానిక్ మర్నాడు పొద్దున్నే రావాలి. సాయంత్రమే బండిని ఎదురుగా స్కూలు ముందున్న చదును రోడ్డు మీద పెట్టాం. తెల్లారి కడ్డీ తీసి చూస్తే ఆయిలు గీతకి రెండు వేళ్ళ పైన ఉంది. నమ్మకం కుదరక మళ్ళీ తుడిచి ముంచాను. మళ్ళీ ముంచాను. నాలుగోసారి మీ అల్లుడు నా చేతిలోంచి కడ్డీ లాగేసుకున్నారు.

మెకానిక్ వచ్చాడు. ఉత్తరం చదివి వినిపించాను. "వాలు మీద చూస్తారని నాకు మాత్రం ఎలా తెలుస్తుంది మేడం? గీత మీదుందంటే నమ్మేశాను" అన్నాడు. ఇంజిను కాసేపు నడిపి ఆపి, కింద బకెట్టు పెట్టి, ఇంజిను అడుగునున్న మర తిప్పి గీతదాకా తీశాడు. రెండు లీటర్ల పైమాటే. అంతా నురగే, మా తొట్టిలో పైకి తేలేదానిలాగే. బకెట్టు అంచు మీద మెల్లిగా అణిగిపోతుంటే ముగ్గురం నిలబడి చూశాం. "మీ మావయ్యగారు ఈ బండిని చూడకుండానే చెప్పారా?" అన్నాడు. "చూడకుండా, వినకుండా" అన్నాను.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మొదటిసారి చూపించినప్పుడు అతను ఇంకో మాట కూడా అన్నాడు, నీకు రాయలేదు. "వినపడని మనిషికి ఎవరైనా ఇంజిను ఇస్తారా?" అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. చెప్పలేకపోవడం కాదు, ఆ క్షణంలో నాకూ అలాగే అనిపించింది. ఊరంతటినీ అనుమానించే నేను, నా చేతిలో ఉన్న టీ గ్లాసుని తప్ప అన్నిటినీ అనుమానించాను. నన్ను క్షమించు. కోప్పడాలనిపిస్తే కోప్పడు, అది కూడా అక్షరాల్లో పెట్టు.

పొగ మంగళవారం సాయంత్రానికి పల్చబడింది, నిన్నటికి లేదు. ముల్లు కదలకుండా నిలబడుతోంది. ఈ కవర్లో ఒక అట్టముక్క పెట్టాను. నిన్న రాత్రంతా తాత కింద ఉన్నది అదే. బాగా చూడు. తిప్పి చూడు. అత్తయ్యకి కూడా చూపించు. చుక్క లేదు. నీ సీలు కూర్చునే ఉంది మావయ్యా. టప్ అనే ఉంటుంది.

ఇవాళ ఎత్తు ఎక్కుతున్నప్పుడు చప్పుడు ఎలా ఉందో రాయాలని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. వెనక మూటలు ఒకదాన్నొకటి ఒరుసుకోవడం వినపడింది. పక్క సీట్లో మీ అల్లుడు నిద్రపోతున్నారు, ఆయన గురక వినపడింది. తాత నుంచి నీకు రాసి పంపడానికి ఏమీ దొరకలేదు.

షెడ్డు తలుపు తియ్యి. అత్తయ్య పలక మీద ఉన్నది నువ్వే తుడువు. సందు చివర మెకానిక్ దగ్గర ఒక జీపు ఉందట, మూడు నెలలుగా దాని చప్పుడు ఎవరికీ అంతుపట్టడం లేదట. నన్ను వచ్చి విని, నీకు రాసి పంపమంటున్నాడు. ఆదివారం వెళ్తున్నాను.

ఈ ఉత్తరం మడిచే ముందు చదును రోడ్డు మీద ఆయిలు చూసి వచ్చాను. గీత మీదుంది. ఇంకోసారి చూద్దామని కడ్డీ మీద చెయ్యి వేశాను.

చెయ్యి తీసేశాను.

నీ చెవులుగా ఉండడానికి ఒప్పుకున్న,
డౌటమ్మ