ఎవరూ లేరన్నాను

3 ఫిబ్రవరి 2025, సోమవారం

రోజాకు ఈ నీరసం ఎప్పుడు మొదలైందని నిన్న చోడవరం డాక్టరు అడిగితే, నా కొడుకు గణపతిరావు దసరా అన్నాడు, కోడలు దుర్గాదేవి వినాయక చవితి అంది. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పిన నాకు సిగ్గేసింది. అందుకే ఈరోజు నుంచి రాస్తున్నాను.

నా మనవరాలికి పద్దెనిమిది. డిగ్రీ మొదటి సంవత్సరం. డిసెంబరు 28న రక్తపరీక్షలో SGOT 212, SGPT 240. లివర్ అన్నారు. మనకు లివర్ అంటే పచ్చకామెర్లే. నేలఉసిరి పసరు, ఉప్పూ నూనే లేని పథ్యం, పూటకో గ్లాసు చెరుకు రసం. పథ్యం నేనే పెట్టాను, ముప్పై ఐదు రోజులు, ఒక్క పూట తప్పలేదు. నిన్నటి రిపోర్టు: 231, 266. స్కానింగ్ నార్మల్.

5 ఫిబ్రవరి

నేల మీంచి లేవడానికి రోజాకు తొమ్మిది సెకన్లు. ముందు చేతులు నేలకు ఆనిస్తుంది, తర్వాత మోకాళ్ళకు, తర్వాత తొడలకు. తన ఒంటినే నిచ్చెనలా పట్టుకుని పైకొస్తుంది. నటన చాలించి తిన్నగా లేవమన్నాను. దుర్గాదేవి పళ్ళెం కింద పెట్టేసి, సూడత్తా, గడియారం తరవాత సూద్దువు గానీ ముందు గుంటకి సెయ్యందించు అంది. నా తమ్ముడి కూతురు కాబట్టి ఆ మాట అనగలిగింది.

చెయ్యి అందించలేదు.

8 ఫిబ్రవరి

కళ్ళు పచ్చగా లేవు. ఎండలోకి తీసుకెళ్ళి మళ్ళీ చూశాను. లేవు.

14 ఫిబ్రవరి, శుక్రవారం

విశాఖలో నరాల డాక్టరు. చిన్న వయసామె. రోజాను కింద కూర్చోమంది, లేవమంది. రిపోర్టులు చూడకముందే CPK అనే రక్తపరీక్ష రాసింది. సాయంత్రానికి వచ్చింది: 8,460. రెండు వందలు దాటకూడదట.

లివర్‌కు ఏమీ లేదంది. ఆ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయట, కండ దెబ్బతింటే రక్తంలోకి వస్తాయట. పసరు ఆపమంది. పథ్యం సంగతి విని, ఎవరు పెట్టారండీ, పిల్లకి ఉన్న బలం కూడా పోతుంది అంది. అందరూ నా వైపు చూడకుండా ఉండటానికి కష్టపడ్డారు.

తర్వాత రెండు ప్రశ్నలు. మేనరికమా? అవునన్నాం. ఇంట్లో ఇంతకుముందు ఇలా ఎవరికైనా ఉందా? దాన్ని బట్టి టెస్టులు రాస్తానంది. వంశంలో ఉంటే మళ్ళీ మేనరికం చేసేముందు ఆలోచించాలంది. ఈసారి అందరూ నా వైపే చూశారు. ఇంటికి పెద్దదాన్ని.

ఎవరూ లేరన్నాను.

15 ఫిబ్రవరి, సాయంత్రం 4

ఉన్నారు. మా అక్క పైడితల్లి.

నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పదిహేడో ఏట మెట్లు ఎక్కలేకపోయింది. అందరూ గాలి సోకిందన్నారు. నేను బద్ధకం అన్నాను. నా SSLC పరీక్షల ముందు ఒకరోజు వాకిట్లోంచి, ఒసే సిన్నమ్మీ, ఒకపాలి లేపే అని పిలిచింది. నువ్వే లే అన్నాను. వాన మొదలైంది. మళ్ళీ పిలవలేదు. లెక్క పూర్తి చేసి వెళ్ళేసరికి నీళ్ళలో కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు. ఎన్ని మార్కులొస్తాయే అని అడిగింది.

కొన్నేళ్ళకు అక్క పోయాక ఇంట్లో ఆమె పేరు ఎత్తలేదు. మిగతా ఆడపిల్లలకు సంబంధాలు రావని. ఆ మరుసటేడు పుట్టిన దుర్గాదేవికి ఇలాంటి మేనత్త ఒకతె ఉండేదని కూడా తెలియదు. ఆ పిల్లను పట్టుబట్టి నా కొడుక్కి చేసుకున్నది నేను.

18 ఫిబ్రవరి

మధ్యాహ్నం పెరట్లోంచి పిలుపు. ఒకపాలి లేపవా అని.

ఎవరు పిలిచారో నిమిషం పాటు తెలియలేదు. వెళ్ళేసరికి రోజా నూతి గట్టు పక్కన చతికిలబడి ఉంది. చంకల కింద చేతులు వేసి లేపాను. ఏటి నాన్నమ్మా, నటన అనవేటి అని నవ్వింది.

20 ఫిబ్రవరి

చీడికాడలో తమ్ముడు సత్యారావుకు, దుర్గాదేవి తండ్రికి, ఫోన్ చేశాను. వాడి కొడుకు కూతురికీ, రోజా అన్న సూర్యతేజకూ మార్చి 6న తాంబూలాలు. అక్క సంగతి డాక్టరుకు చెప్పాలన్నాను. ఏటక్కా, బుర్ర గానీ తిరిగిందేటి, ఎప్పుడో పోయినదాన్ని ఇప్పుడు బయటికి తీత్తావా, పిల్ల బతుకు బుగ్గి సేత్తావా అని అరిచాడు. ఏ పిల్లదిరా అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు.

21 ఫిబ్రవరి, ఉదయం 6

1. భోజనాల ముందు దుర్గాదేవికి, గణపతిరావుకు నేనే చెప్పాలి. వాళ్ళు తిట్టడం పూర్తయ్యేదాకా అడ్డు రాకూడదు.

2. తాంబూలాలు ఆపాలి. సూర్యతేజకు కారణం దాచకూడదు.

3. సోమవారం విశాఖ డాక్టరు దగ్గర నా అబద్ధం నేనే సరిదిద్దాలి. రోజాకు జీన్ టెస్టు. అడిగితే నా రక్తమూ ఇవ్వాలి.

4. రోజా అడుగుతుంది, ఆవిడ ఎన్నేళ్ళు బతికింది నాన్నమ్మా అని. ఇరవై తొమ్మిది. పెంచి చెప్పకూడదు.