ఇంటిపేరు ముందు

అల్ రువైస్ సైటును ఏలుతున్న బావగారి సముఖానికి, దోహా నుంచి బావమరిది విన్నపం.

పియానో టీచరు మన భరణిని "పసుపులేటీ" అంటోందని మీరు క్లాసు మాన్పించారు. "ఏడేళ్ళ పిల్లను ఇంటిపేరుతో పిలవడమేంటి, పోలీసులా!" అన్నారు. అక్క ఆజ్ఞపై సంజాయిషీ అడగడానికి ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఆవిడ ఇంటికి వెళ్ళాను. వెంట వచ్చిన భరణి, గుమ్మం బోర్డు మీది ఇలోనా సాబో అన్న పేరును మన పద్ధతిలోకి తిరగేసి, "నమస్తే సాబో ఇలోనా గారూ" అంది.

పియానో వాయిస్తున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి.

హంగరీలోనూ మనలాగే ఇంటిపేరు ముందట బావా! బుడాపెస్ట్‌లో తొలి కచేరీకి ఆవిణ్ణి వేదిక మీదికి అలాగే పిలిచారట. తరవాత దేశదేశాల పోస్టర్లు పేరు తిరగేశాయి. "ఆ చప్పట్లు ఇంకెవరికో అనిపించేది" అంది. బయటి దేశాల్లో అందరూ సొంత పేరే ముందు రాస్తారు కదా అని, క్లాసు ఫారంలో ముందున్న పసుపులేటే పిల్ల పేరనుకుందట.

నేను తెచ్చిన కోపం ఖర్చు కాలేదు. వచ్చేటప్పుడు ఆవిడ గుమ్మంలో వంగి "బరణీ" అంది. ఒత్తు పలకలేదు. మళ్ళీ అంది, "బరణీ."

ఆ ఒత్తు నేర్పడానికైనా పిల్లను క్లాసుకు పంపనివ్వండి.

ఇట్లు,
రాయబారానికి వెళ్ళి అవతలి పక్షంలో చేరిన మీ బావమరిది