నాలుక మీద మచ్చ

శనివారం, రాత్రి

సింధు కొత్తగా వచ్చిన ఆరో పుస్తకం కూడా పూర్తి చేసింది. ఆ మంత్రాల రాజ్యం కథలుంటే నా మేనకోడలికి అన్నం కూడా అక్కర్లేదు. దాన్ని ఏడిపించడానికి మొన్న, పుస్తకం తెరిచైనా చూడకుండా, "చివర్ల గా పడవ నడిపే అవ్వకు కండ్లు పోతయ్ పో" అన్నాను.

సాయంత్రం చివరి పేజీ చదివి వచ్చి నా ముందు నిలబడింది.

"అత్తా, జర నాలుక సూపియ్యి."

"ఎందుకే, నేనేమన్న బల్లినా?"

నవ్వలేదు. "అవ్వకు కండ్లు పోయినయ్. నువ్వన్నట్టే."

నాలుక చూపించాను. మాట ఫలించేవాళ్లకు ఉంటుందనే మచ్చ నాకు లేదు. అద్దంలో నేనూ చూసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున కాళేశ్వరం బయలుదేరిన మా అన్నతో, "గింత పొట్టేసుకొని గోదావరిల మునిగితే మళ్ల తేలవు పో" అన్నాను. అందరం నవ్వాం. తండ్రిని అన్నానని కూడా లేకుండా సింధు పడీపడీ నవ్వింది.

చీకటి పడ్డా అన్న రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.

"నాయిన వస్తడని అను, అత్తా."

"వస్తడు" అన్నాను.

ఎగతాళి లేకుండా నేనన్న మాట ఏదైనా ఇంతవరకు నిజమైందా అని అప్పటి నుంచి వెతుక్కుంటున్నాను. ఒక్కటీ గుర్తు రావడం లేదు.