కుర్చీ వద్దు, గట్టి హబ్బు కావాలి

అల్లుడుగారికి అత్తయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ కులాసాగా ఉన్నారనుకుని నేరుగా విషయానికి వస్తున్నాను. నా ఫ్యాట్ బైకు వెనక హబ్బు మళ్ళీ పోయింది. చక్రం నడుమ ఆ ముక్క పోతే బండి కదలదని సైకిలు సామాన్ల షాపు నడిపే మీకు నేను చెప్పక్కర్లేదు. పెడళ్ళ ఇరుసుని మోసే బాటమ్ బ్రాకెట్ కూడా నాలుగు రోజులుగా కీచుమంటోంది. ఇసుక దిబ్బల అవతల పదకొండు ఇళ్ళున్నాయి. వాళ్ళ బీపీ మాత్రలు, ఇన్సులిన్, కట్టు గుడ్డలు అన్నీ నేనే మోసుకెళ్ళాలి. అక్కడ జీపు దిగబడుతుంది, మామూలు సైకిలూ దిగబడుతుంది. నాలుగంగుళాల టైర్లున్న నా బండి ఒక్కటే వెళ్తుంది.

మా ఆరోగ్య కేంద్రం ఆఫీసరు నిన్న పిలిచి, "సిస్టర్, వచ్చే నెలాఖరులోపు ఇంకొక్కసారి బండి ఆగిందంటే మిమ్మల్ని రిజిస్టర్ల గదిలో కూర్చోబెడతాను" అన్నాడు. ఆ కుర్చీ నేను చూశాను. అందులో నేను కూర్చోను. కాబట్టి నాజూకువి, తేలికవి వద్దు. ఉప్పునీళ్ళకీ ఇసుకకీ లొంగని హబ్బూ బ్రాకెట్టూ పంపండి. వెనక చక్రం పట్టే చోటు వెడల్పు నూట తొంభై మిల్లీమీటర్లు, బ్రాకెట్ గొట్టం వంద.

ఇంకా తొక్కుతూనే ఉన్న,
మీ అత్తయ్య

తా.క.: వంద అంటే వందే. గాయాలు కొలిచీ కొలిచీ నా టేపు అబద్ధాలు మానేసింది.

*

అత్తయ్యగారికి నమస్కారాలు.

హబ్బు పంపుతున్నాను. నీలం రంగుది. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, పందేల వాళ్ళు వాడే రకం. బ్రాకెట్ గొట్టం వంద ఉండదండీ, మీరెక్కడో పొరపాటు పడ్డారు. ఇరవై ఏళ్ళుగా నేను అరవై ఎనిమిదే అమ్ముతున్నాను, అదే పెట్టాను.

అయినా ఆ కుర్చీ అంత చెడ్డదా అత్తయ్యగారూ? నెత్తిన ఫ్యానుంటుంది, ఎండ తగలదు. పోయినేడు మీ మణికట్టు విరిగినప్పుడు మేమెంత హడలిపోయామో మీకు తెలియదు.

మీ మంచి కోరే,
అల్లుడు

తా.క.: కుర్చీలోకి ఒక దిండు కూడా పంపుతున్నాను.

*

అల్లుడుగారికి, ఈసారి ఆశీస్సులు సగమే.

మీ నీలం హబ్బు పన్నెండో రోజున మూడో ఇంటి దగ్గర ప్రాణం వదిలింది. పెడల్ తొక్కితే గాలిని తొక్కినట్టుంది. బండిని నెట్టుకుంటూ మిగిలిన ఎనిమిది ఇళ్ళకీ మందులిచ్చి వచ్చాను. బండి ఆగింది గానీ నేను ఆగలేదు కదా, అందుకని ఆఫీసరుకి చెప్పలేదు.

ఇంటికొచ్చి హబ్బుకి పోస్ట్‌మార్టం చేశాను. లోపలంతా ఇసుక. మెత్తటి అల్యూమినియం మీద పళ్ళచక్రం గాట్లు పెట్టేసింది. ఇసుకని ఆపాల్సిన సీలు పేరుకే ఉంది. ఇక మీ అరవై ఎనిమిది బ్రాకెట్ నా గొట్టంలో పెడితే పక్కన రెండు వేళ్ళు పట్టే చోటు మిగిలింది. ప్రస్తుతానికి పాత హబ్బుకే కొత్త బేరింగులు వేసి నెట్టుకొస్తున్నాను.

సరిగ్గా చూసుకోవడం లేదని మాత్రం అనకండి. రోజూ రాగానే మరిగే నీళ్ళు పోసి, స్పిరిట్‌తో తుడుస్తాను.

కూర్చోనని మరోసారి చెబుతున్న,
అత్తయ్య

తా.క.: దిండు అందింది. సైకిలు సీటుకి కట్టాను. హాయిగా ఉంది.

*

అత్తయ్యగారికి, చేతులు జోడించి.

మరిగే నీళ్ళు, స్పిరిట్ అని చదివి కూలబడిపోయాను. బేరింగుకి గ్రీజే ప్రాణమండీ. దాన్ని మీరు రోజూ కడిగి పారబోస్తున్నారు. అది హబ్బండీ, ఆపరేషన్ కత్తెర కాదు.

ఇక దాచడం నా వల్ల కాదు. ఉక్కు ఇరుసూ స్టెయిన్‌లెస్ బేరింగులూ ఉన్న హబ్బు నా అద్దాల బీరువాలోనే ఉంది. వంద మిల్లీమీటర్ల బ్రాకెట్ కూడా ఉంది. వాటిని పంపొద్దన్నది మీ అమ్మాయే. బండి ఆగితే తప్ప మా అమ్మ ఆగదు అని నా చేత ఒట్టు వేయించుకుంది. మీ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. దయచేసి తనని అడగకండి, నొచ్చుకుంటుంది. పాపం, ఆఫీసు పని మీద వారం కిందట ఊరెళ్ళింది కూడా.

ఏ పాపం ఎరుగని,
అల్లుడు

తా.క.: చదవగానే ఈ ఉత్తరం చింపేయండి.

*

అల్లుడుగారికి,

మీ ఉత్తరం చింపలేదు. పైకి చదివాను.

గ్రీజు సంగతి ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు సూదులు మరిగించిన చెయ్యి, అలవాటుకొద్దీ బండినీ మరిగించింది. ఇప్పుడు పొడిగుడ్డతో తుడిచి గ్రీజు పెడుతున్నాను. మీరు రాసినవాటిలో నిజం అదొక్కటే.

ఉక్కు హబ్బూ వంద బ్రాకెట్టూ పది రోజుల కిందటే నాకు అందాయి. మీ షాపుకి ఎదురుగా ఉన్న షాపులోవి. అప్పటినుంచి బండి ఒక్కసారీ ఆగలేదు. నిన్న నెలాఖరు కదా, ఆఫీసరు తనే చూస్తానని నా వెనక నడిచొచ్చాడు. నాలుగో ఇంటి దగ్గర చతికిలబడ్డాడు. బీపీ చూసి, నీళ్ళు తాగించి, నీడలో కూర్చోబెట్టి, మిగతా ఏడు ఇళ్ళూ నేను చుట్టొచ్చాను. రిజిస్టర్ల గది మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేనే ఎత్తాను. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, కావాలంటే మీరు కూర్చోండి అన్నాను.

ఈపాటికి చేతిరాత గుర్తుపట్టే ఉంటారు. నా చేతులకి గ్రీజుంది. నేను చెబుతుంటే రాస్తున్నది మీ ఆవిడ. ఎదురు షాపులో సామాను కొన్నదీ, ఇక్కడికి మోసుకొచ్చి బిగించిందీ తనే. మీ ఉత్తరం నేను పైకి చదివింది తనకే. ఒట్టు దగ్గర రెండుసార్లు చదివించుకుంది.

ఎవరు ఆపినా ఆగని,
అత్తయ్య

తా.క.: ఇది అమ్మ చెప్పింది కాదు, రాస్తున్న నా సొంత మాట. అమ్మకి గట్టివి పంపండి అని తప్ప మీతో నేనేమీ అనలేదు. ఆఫీసు పని అని అబద్ధం చెప్పాను, ఆ ఒక్కటీ నా తప్పు. ఇక్కడ ఒక మనిషి సరిపోవడం లేదు. వారానికి రెండు రోజులు నేనూ తొక్కుతాను. నాకొక ఫ్యాట్ బైకు కావాలి. ఆ అద్దాల బీరువాలో ఉన్న హబ్బూ బ్రాకెట్టూ దానికి బిగించి, మీరే స్వయంగా పట్టుకురండి. అప్పటిదాకా నేను ఇంటికి రాను.