చావింట్లో అనకూడని మాట

ఆళ్ళగడ్డ,
గురువారం.

చిరంజీవి కరుణాకర్‌కు అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, పక్కింటి ఇమాం సాహెబూ, ఆయన భార్య బీజానూ అందరం బాగున్నాము. ఢిల్లీలో నువ్వూ కోడలు శ్రీవాణీ బాగుంటే నాకు అంతే చాలు. ఐదో తరగతి చదువు నాది, అక్షరాలు వంకరగా ఉంటాయి, ఓపిక చేసుకుని చదువుకో నాయనా.

నువ్వు మనిషి చేత పంపిన ఉత్తరమూ బీపీ మాత్రలూ చేరినాయి. ఇవన్నీ ఫోన్లో మాట్లాడొద్దన్నావు కాబట్టి నేనూ ఉత్తరమే రాసి, రేపు తిరిగొచ్చే ఆ మనిషి చేతికే ఇస్తున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను, పొద్దుటిది అప్పుడప్పుడు మరిచిపోతాను. మిద్దె కారడం ఆగింది. ఇమాం సాహెబ్ పైకెక్కి సిమెంటు పూశాడు. దిగేటప్పుడు లుంగీ చువ్వకు తగులుకుని, "అక్కా, కండ్లు మూసుకో, మూసుకో!" అని ఒకటే అరుపు. బీజాన్ నవ్వలేక గోడకు ఆనుకుంది. నేను కూడా నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

బస్టాండు దగ్గర జొన్నరొట్టెల అంగడి మానుకోమన్నావు. మానుకోలేను. ఇంట్లో ఉంటే ఎవరితో మాట్లాడాలి? అక్కడైతే "అమ్మా, ఇంగొంచెం కారెం ఎయ్యి" అని అయినా ఎవరో ఒకరు నన్ను పిలుస్తారు.

నీ తమ్ముడి విగ్రహం అయిందా అని అడిగావు. ఎప్పుడో అయింది. శ్యాము మన శిల్పుల వీధిలోనే గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉన్నాడు. మంత్రి గారు తేదీ ఇస్తే పట్టా తీస్తామని మీ ఆఫీసు వాళ్ళు అన్నారు. ఆ తేదీ రాలేదు. అంగడికి పోయే దారే కదా, గాలికి పట్టా జారి ఉంటే సర్ది పోతుంటాను.

ఇంక ఆఖర్న అడిగావు, టీవీ వాళ్ళు వచ్చారా, నువ్వేమన్నా చెప్పావా అని. ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే రాశావని నాకు తెలుసు. వచ్చారు. ఏమీ చెప్పలేదు.

మంత్రి గారి తరఫున పత్రికల వాళ్ళకు జవాబు చెప్పడం నీ ఉద్యోగం. అది నేను కాదనను. నువ్వు కనిపిస్తావనే కదా రోజూ టీవీ పెట్టుకునేది. ఆ రోజు ముందు జనరల్ గారిని చూపించారు. శ్యాము వాళ్ళందరికీ పైన ఉండిన పెద్ద సైన్యాధికారి, ఇప్పుడు రిటైరైనాడు. అంతమంది ముందర నిలబడి ఆయన చెప్పింది కింద తెలుగులో రాశారు, కూడబలుక్కుని చదివాను. "కొండ మీద మంచు విరిగి పడేలా ఉంది, పోస్టులో కాపలా ఉన్న పిల్లల్ని కిందికి దించాలని నేను అడిగాను. మంత్రి గారు పండక్కి వస్తున్నారు, ఫొటోలు తీసే రోజు పోస్టు ఖాళీగా కనిపించకూడదు అని ఆయన ఆఫీసు నుంచి అన్నారు. పిల్లలు పోయారు." అంతే చెప్పి దిగిపోయాడు.

తర్వాత నువ్వు వచ్చావు. చిక్కిపోయావు. పదవి రాలేదన్న కడుపుమంటతో ఆయన మాట్లాడుతున్నాడన్నావు. "నా సొంత తమ్ముడు అక్కడ ప్రాణం ఇచ్చాడు. మా అమ్మ ఈ రోజుకూ ప్రభుత్వాన్ని ఒక్క మాట అనలేదు" అన్నావు. నువ్వు మాట్లాడుతుంటే పక్క గడిలో శ్యాము ఫొటో పెట్టారు. మీ ఇద్దరూ అట్లా పక్కపక్కన ఉండగా చూసి ఎన్నాళ్ళయిందో. శబ్దం తీసేసి, మీరు పోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

నాయనా, శ్యాము పోయినప్పుడు మనింటికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు, నీకు గుర్తుందో లేదో. మంత్రి గారు వచ్చినప్పుడు వీధి పట్టనన్ని కార్లు. దండ వేసి, నా చేతులు పట్టుకుని, గడప దాటేటప్పుడు మాట లేకుండా వెళ్ళిపోయారు. చావింట్లో 'పోయొస్తా' అనకూడదని ఆయనకు ఎవరో ముందే చెప్పి తెచ్చారు. నువ్వే చెప్పుంటావు.

జనరల్ గారు వచ్చిన పూట నువ్వు బజారుకు పోయి ఉన్నావు. ఆయనకు తెలుగు రాదు, మన పద్ధతులు అంతకన్నా తెలియవు. చాప మీద కూర్చుని కాసిన్ని నీళ్ళు తాగి, లేచి దండం పెట్టి హిందీలో ఏదో అన్నాడు. ఇమాం సాహెబ్ ముఖం మాడిపోయింది. "అక్కా, మల్లొస్తా అంటాండాడు. తెలీక అన్న్యాడులే, మనసులో పెట్టుకోవాకు" అన్నాడు. ఎదురింటి కొండమ్మ ఊరుకుంటుందా? "సావింట్లో ఆ మాటేంది? ఇంగొగరు పోవాల్నా ఈ ఇంట్లో?" అని ఆయన వీధి మలుపు తిరిగేదాకా తిట్టింది.

మంత్రి గారు పద్ధతి తప్పలేదు. మళ్ళీ రాలేదు. జనరల్ గారు తప్పాడు. సంవత్సరీకానికి వచ్చాడు, చెప్పులు వాకిట్లో విప్పి, ఆ చాప మీదే కూర్చున్నాడు. ఈ ఉగాది పోయినాక మళ్ళీ వచ్చాడు. కొండమ్మ చూసి, "వచ్చెనే మీ మల్లొస్తా అప్ప" అని తనే మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆ మూడోసారి జరిగింది నీకు చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు చెప్తున్నాను.

నేను రొట్టెలు కాలుస్తుంటే ఆయన పొయ్యి దగ్గరికే వచ్చి కూర్చున్నాడు. ఇమాం సాహెబ్ తెలుగులో చెప్పాడు. "అక్కా, జరిగింది నలుగురికీ చెప్పాలని ఉందంట సారుకు. చెప్తే మన కర్ణాకర్‌కు శానా కష్టమైతాదంట. నువ్వు వద్దంటే సచ్చేదాకా నోరిప్పనంటాండాడు." ఆ మాట చెప్పి, తన మాటగా ఇంకొకటి అన్నాడు. "బాగా యోచన సెయ్యక్కా. ఉండేది ఒక్క కొడుకే."

పెనం మీద రొట్టె మాడిపోతోంది. తిప్పాలని నాకు తెలుసు, తిప్పలేదు. మాడిన వాసన ఇల్లంతా కమ్మినాక అన్నాను.

"చెప్పమను తమ్ముడూ."

కాబట్టి నువ్వు టీవీలో కడుపుమంట అన్నావే, అది ఉంది నాయనా. ఆయనది కాదు, నాది.

ఆదివారం నంద్యాలలో మాజీ సైనికుల సభ. జనరల్ గారు వస్తున్నాడు, నన్ను రమ్మన్నారు. ఇమాం సాహెబ్, బీజాన్ నాతో బస్సులో వస్తామన్నారు. పత్రికల వాళ్ళు అడిగితే, మా పెద్దోడు చెప్పింది అబద్ధం కాదు, నేను ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు, ఇప్పుడు అంటున్నాను అని చెప్తాను. ఇది నువ్వు వాళ్ళ నోట వినకూడదు, నా నోట వినాలి. నీ ఉద్యోగం పోవచ్చు. అది తెలిసే రాస్తున్నాను. ఒక కొడుకు కోసం మాట్లాడితే ఇంకో కొడుక్కి దెబ్బ తగిలే చోట నన్ను నిలబెట్టారు. ఎటు జరగాలో నాకు చాలా రోజులు తెలియలేదు. శ్యాము మాట్లాడలేడు. నువ్వు మాట్లాడగలవు. అందుకని వాడి వైపు జరిగాను.

ఒక్క సంగతి మాత్రం నిన్ను అడగను. మంత్రి గారి ఫొటోల ఏర్పాట్లు చూసేది నువ్వే కదా అని శ్రీవాణిని కూడా అడగలేదు. మంచు సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. పోస్టు నిండుగా కనబడితే మంచి ఫొటో అవుతుందనే నువ్వు అనుకుని ఉంటావు. తమ్ముణ్ణి మంత్రి గారి పక్కన చూడాలని కూడా అనుకున్నావేమో. నీ మనసులో ఏదో బరువు ఉందని మాత్రం నాకు శ్యాము పదకొండో రోజునే తెలిసింది. నువ్వు సంచి భుజానికేసుకుని నా ముఖం చూడకుండా గడప దాటావు. పద్ధతి కాబట్టి మాట లేకుండా పోయాడులే అని కొండమ్మతో అన్నాను. ఆ పోవడం పోయినవాడివి ఇంతవరకూ రాలేదు.

నాయనా, ఉద్యోగం ఉన్నా పోయినా ఒకసారి ఇంటికి రా. కోప్పడాలంటే కోప్పడు, పొయ్యి దగ్గర కూర్చుని కోప్పడు. చెప్పాల్సింది ఉంటే చెప్పు, లేకుంటే రొట్టె తిను. తిరిగి పోయే రోజు మాత్రం ఊరికే పోవద్దు. గడప దగ్గర నిలబడి, వీధంతా వినబడేటట్టు, "పోయొస్తామ్మా" అని చెప్పి పో. కొండమ్మ తిడితే నేను చూసుకుంటాను.

ఇట్లు,
శ్యామునూ నిన్నూ కన్న అమ్మ,
జయమ్మ.